హెలికాప్టర్ రోటర్ బేరింగు పాడవుతోందని వైబ్రేషన్ చూసి చెప్పడం: ఏ బేరింగుకు ఏ లెక్క?

పటమట ఫైనలియర్ · సోమవారం రాత్రి 9:42

అందరికీ నమస్కారం అండి. మా బ్యాచ్ ప్రాజెక్టు "హెలికాప్టర్ రోటర్ వ్యవస్థలో బేరింగు లోపాల గుర్తింపు". కేస్ వెస్టర్న్ రిజర్వ్ యూనివర్సిటీ వాళ్లు నెట్‌లో పెట్టిన డేటా తీసుకున్నాం. 6205 రకం గోళీల బేరింగు, 1797 ఆర్‌పీఎం, సెకనుకు 12,000 శాంపిళ్లు. 1024 శాంపిళ్ల ముక్కలుగా కోసి న్యూరల్ నెట్‌వర్కుకు ఇస్తే 99 శాతం పైనే సరిగ్గా చెబుతోంది. గైడు గారేమో "ఇది మోటారు బేరింగు కదా, హెలికాప్టర్ ఏదీ?" అంటున్నారు. ఇదే మోడల్ మెయిన్ రోటర్‌కి పనికొస్తుందా? లేకపోతే కాలేజీ ల్యాబులో చిన్న రిగ్ కట్టుకోవాలంటే ఏమేం కావాలి? తెలిసినవాళ్లు చెప్పగలరు.

ఇబ్రహీంపట్నం టర్బైన్ · సోమవారం రాత్రి 10:15

గైడు గారు అడిగినదాంట్లో తప్పేం లేదు తమ్ముడూ. ముందు "రోటర్ బేరింగు" అంటే ఏ బేరింగో తేల్చుకో. దాన్నిబట్టి లెక్క మొత్తం మారిపోతుంది. ఇక ఆ 99 శాతం. ఒకే రికార్డింగును ముక్కలు చేసి, కొన్ని ముక్కలతో నేర్పించి, మిగతావాటితో పరీక్ష పెట్టారా? అలాగైతే పేపరు ముందే ఇచ్చి పరీక్ష రాయించినట్టే. ఆ మోడల్ పట్టుకున్నది బేరింగు లోపాన్ని కాకపోవచ్చు. ఆ రోజు ఆ రిగ్ ఎలా బిగించారో, ఏ లోడు మీద నడిచిందో, దాన్నే గుర్తుపడుతూ ఉండొచ్చు.

పటమట ఫైనలియర్ · సోమవారం రాత్రి 10:21

అవునండి, ర్యాండమ్‌గా 80:20 విడగొట్టాం. పైగా ముక్కలు సగం సగం ఒకదానిమీద ఒకటి పడేలా కోశాం.

బ్రాడీపేట సిగ్నల్ · సోమవారం రాత్రి 10:50

ఇంకేం, సగం సమాధానం అటూ ఇటూ రెండు చోట్లా ఉంది. ఒక సైజు లోపంతో నేర్పించి ఇంకో సైజు మీద పరీక్షించండి. ఆ డేటాలో 0.007, 0.014, 0.021 అంగుళాల లోపాలు ఉన్నాయి, మన లెక్కలో దాదాపు 0.18, 0.36, 0.53 మి.మీ. లేదంటే ఒక లోడు మీద నేర్పించి ఇంకో లోడు మీద చూడండి. శాతం ఎంతకు పడితే అదే మీ అసలు మార్కు. ఆ డేటాలో కొన్ని రికార్డులు ఏ పద్ధతికీ సరిగ్గా లొంగవని 2015లో స్మిత్, రాండల్ ఇద్దరూ ఒక్కో ఫైలూ పరిశీలించి పేపరు రాశారు. అది చదవకుండా ఆ డేటా ముట్టుకోకూడదని నా అభిప్రాయం.

ఇంకోటి. 1797 ఆర్‌పీఎం అంటే 29.95 హెర్ట్జ్. 1024 శాంపిళ్లంటే 0.085 సెకను. ఆలోపు షాఫ్టు రెండున్నర చుట్లు తిరుగుతుంది, కేజు (గోళీలను పట్టి ఉంచే చట్రం) దాదాపు ఒక్క చుట్టు. అంటే ఒక్కో ముక్కలో గోళీలన్నీ ఒకసారి గుంట మీదుగా దాటిపోతాయి. నిమిషానికి 300 చుట్లు తిరిగే రోటర్ మీద ఇదే 0.085 సెకను తీసుకుంటే సగం చుట్టు కూడా రాదు. ఆ ముక్కలో లోపం ఉందో లేదో మోడల్‌కి ఎక్కడ కనిపిస్తుంది?

గన్నవరం రన్‌వే · మంగళవారం ఉదయం 6:35

ఏ బేరింగు అన్న సంగతి నేను చెబుతాను.

పైనుంచి మొదలుపెడదాం. రోటర్ హెడ్‌లో బ్లేడు కోణం మారడానికి ఉండే ఫెదరింగ్ బేరింగు పూర్తిగా చుట్టు తిరగదు. రోటర్ ఒక చుట్టు తిరిగేలోపు కొన్ని డిగ్రీలు అటూ ఇటూ ఊగి మళ్లీ మొదటికొస్తుంది. గోళీ రేసు (గోళీలు దొర్లే రింగు; బయటిది ఔటర్, లోపలిది ఇన్నర్) చుట్టూ తిరిగితేనే, లోపం వల్ల సెకనుకు ఎన్ని దెబ్బలు పడతాయో చెప్పే ఔటర్ రేస్, ఇన్నర్ రేస్ ఫ్రీక్వెన్సీల సూత్రాలు పనిచేస్తాయి. ఇక్కడ అవి వర్తించవు. గోళీలు ఉన్నచోటే ఊగుతూ రేసులో గోళీకొక గుంట చొప్పున తొలిచేస్తాయి. పైగా ఈ రోజుల్లో చాలా హెలికాప్టర్లలో ఆ చోట గోళీలే ఉండవు. రబ్బరు పొర, లోహపు రేకు, మళ్లీ రబ్బరు పొర అంటించిన ఎలాస్టోమెరిక్ బేరింగులు వాడుతున్నారు. వాటిని టార్చిలైటు పట్టుకుని కళ్లతో చూడాల్సిందే. అంచున పెన్సిల్ రబ్బరు పొట్టులాంటిది రాలుతోందా, పొర బయటికి ఉబికిందా, రేకు నుంచి ఊడిందా అని చూస్తారు. పొట్టు కాస్త రాలినంతమాత్రాన తీసేయరు. చీలిక ఎంత లోతు, ఎంత పొడవు వరకు ఫరవాలేదో ఆ మోడల్ మెయింటెనెన్స్ మాన్యువల్‌లో ఉంటుంది.

దాని కింద స్వాష్‌ప్లేట్ (పైలట్ కదలికను రెక్కలకు చేర్చే జంట పళ్లాలు) బేరింగు. పైపళ్లెం రోటర్‌తో తిరుగుతుంది, కిందిది తిరగదు, మధ్యలో పెద్ద వ్యాసం ఉన్న సన్నటి బేరింగు. ఇది పూర్తిగా తిరుగుతుంది కాబట్టి సూత్రాలు పనిచేస్తాయి, కానీ వేగం చాలా తక్కువ. బ్లాక్ హాక్ రోటర్ 258 ఆర్‌పీఎం, మన దేశంలో ఎక్కువగా కనిపించే మీ-17ది 192. అంటే సెకనుకు మూడు, నాలుగు చుట్లు.

తర్వాత మెయిన్ గేర్‌బాక్సు. అందులో ఇన్‌పుట్ పినియన్ బేరింగులు వేగంగా తిరుగుతాయి, వాటిని పట్టడం తేలికే. ప్లానెట్ గేర్ల లోపలి బేరింగులు మాత్రం అన్నిటికన్నా మొండివి. వాటి గురించి విడిగా రాస్తాను.

వెనక్కి వెళితే తోక షాఫ్టును పట్టి ఉంచే హ్యాంగర్ బేరింగులు. అపాచీలో ఆ షాఫ్టు 4863 ఆర్‌పీఎం, అంటే సెకనుకు 81 చుట్లు. బయటికి కనిపించే చోట ఉంటాయి, పక్కనే సెన్సర్ పెట్టొచ్చు, చుట్టూ గేర్ల గోల తక్కువ. మీ 6205 చదువు నేరుగా పనికొచ్చేది ఇక్కడే. ప్రాజెక్టు పేరులో "రోటర్ వ్యవస్థ" అని ఉంది కాబట్టి తోక రోటర్ డ్రైవు కూడా అందులోదే. గైడు గారిని అలా ఒప్పించుకోండి.

చివరగా తోక రోటర్ పిచ్ (రెక్కల కోణం) మార్చే కంట్రోల్ షాఫ్టు మీది డ్యూప్లెక్స్, అంటే జంట బేరింగు. చూడ్డానికి చిన్నదే. 2018 అక్టోబరు 27న ఇంగ్లండ్‌లో లెస్టర్ ఫుట్‌బాల్ స్టేడియం పక్కన ఏడబ్ల్యూ169 కూలి అయిదుగురు పోయింది దీనివల్లే. బేరింగు బిగుసుకుపోయి, తిరగకూడని కంట్రోల్ షాఫ్టు తిరగడం మొదలుపెట్టి, యాక్చుయేటర్ వైపు కనెక్షన్ ఊడిపోయింది. తోక రోటర్ పైలట్ మాట వినడం మానేసింది. గ్రీజు పెట్టి మూసిన బేరింగు అది, గేర్‌బాక్సు ఆయిల్‌లో తిరిగేది కాదు. కాబట్టి ఆయిల్లో చిప్పులు, అంటే రాలిన లోహపు ముక్కలు వెతికినా దాని జాడ దొరకదు.

సింగ్‌నగర్ వాసి · మంగళవారం ఉదయం 8:05

నాకు ఇంజినీరింగు రాదు, ఒక్క డౌటు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదప్పుడు మా వీధుల మీద హెలికాప్టర్లు కిందికొచ్చి తిండి పొట్లాలు వేశాయి. డబ్ డబ్ డబ్ అని మేడ మీది రేకులు కూడా అదిరాయి. ఆ అదురులో బేరింగు సంగతి తెలుస్తుందా?

గన్నవరం రన్‌వే · మంగళవారం ఉదయం 8:20

తెలియదండి. ఆ డబ్ డబ్ రెక్కలది. సెకనుకు ఎన్ని చుట్లో దాన్ని రెక్కల సంఖ్యతో గుణిస్తే వస్తుంది. మీ-17కి అయిదు రెక్కలు, 192 ఆర్‌పీఎం, అంటే సెకనుకు 16 దెబ్బలు. ఆరోగ్యంగా ఉన్న హెలికాప్టరు కూడా అలాగే మోగుతుంది. పైలట్ సీటులో తెలిసే కుదుపు కూడా ఎక్కువసార్లు బేరింగుది కాదు. చుట్టుకొకసారి నిలువుగా ఊపితే రెక్కలన్నీ ఒకే ఎత్తులో తిరగడం లేదని, అంటే ట్రాక్ తప్పిందని మొదటి అనుమానం. చుట్టుకొకసారి పక్కకు లాగితే బరువు తేడా. రెండూ ట్రాక్, బ్యాలెన్స్ పనితో పోతాయి. బేరింగు అదురు సీటుదాకా వచ్చిందంటే అప్పటికే చాలా ఆలస్యమైపోయింది.

బ్రాడీపేట సిగ్నల్ · మంగళవారం మధ్యాహ్నం 1:30

రన్‌వే గారు చెప్పిన స్వాష్‌ప్లేట్‌కి లెక్క వేసి చూపిస్తాను. నాలుగు సూత్రాలు మాటల్లో చెబుతున్నా, రాసుకోండి. గోళీ వ్యాసాన్ని పిచ్ వ్యాసంతో (గోళీల మధ్య బిందువులు కలిపే వృత్తం వ్యాసం) భాగించి, కాంటాక్ట్ కోణం (గోళీ రేసుని తాకే వాలు) కొసైన్‌తో గుణించండి. దాన్ని "కే" అందాం. గోళీల సంఖ్యలో సగాన్ని ఒకటి మైనస్ కే తో గుణిస్తే ఔటర్ రేస్. ఒకటి ప్లస్ కే తో గుణిస్తే ఇన్నర్ రేస్. ఒకటి మైనస్ కే లో సగం కేజు. పిచ్ వ్యాసాన్ని రెండు గోళీ వ్యాసాలతో భాగించి, ఒకటి మైనస్ కే స్క్వేర్‌తో గుణిస్తే గోళీ తన చుట్టూ తాను తిరిగే వేగం. అన్నిటినీ షాఫ్టు వేగంతో గుణించాలి.

మీ 6205కి 9 గోళీలు, గోళీ 7.94 మి.మీ, పిచ్ 39.04. ఔటర్ 3.585, ఇన్నర్ 5.415, కేజు 0.398, గోళీ 2.357. గోళీ మీద గుంట ఒక చుట్టులో ఇన్నర్‌కి ఒకసారి, ఔటర్‌కి ఒకసారి తగులుతుంది కాబట్టి రెట్టింపు 4.71 దగ్గర కూడా చూడాలి.

ఇప్పుడు ఊహకి ఒక స్వాష్‌ప్లేట్ బేరింగు తీసుకుందాం: 40 గోళీలు, గోళీకి పిచ్‌కి నిష్పత్తి 0.05, కోణం 30 డిగ్రీలు, రోటర్ 300 ఆర్‌పీఎం, అంటే సరిగ్గా 5 హెర్ట్జ్. కే 0.0433. ఔటర్ 19.13 రెట్లు, 95.67 హెర్ట్జ్. ఇన్నర్ 20.87 రెట్లు, 104.33 హెర్ట్జ్. చిక్కెక్కడో చూశారా? రోటర్ 19వ హార్మోనిక్ (రోటర్ వేగానికి 19 రెట్లు) సరిగ్గా 95 దగ్గర ఉంటుంది. అసలు వెతికేదానికి, పక్కనున్న గోలకి మధ్య తేడా 0.67 హెర్ట్జ్ మాత్రమే. రోటర్ వేగం అర శాతం అటూ ఇటూ అయితే స్పెక్ట్రమ్‌లో (ఏ ఫ్రీక్వెన్సీ ఎంత ఉందో చూపే బొమ్మలో) ఆ గీత దాదాపు 0.48 హెర్ట్జ్ మేర పరుచుకుపోతుంది. రెండూ కలిసిపోయి ఒక్క ముద్ద కనిపిస్తుంది.

కాబట్టి టాకో (షాఫ్టు చుట్లు లెక్కపెట్టే సెన్సర్) పల్స్ లేకుండా ఈ పని మొదలుపెట్టకూడదు. చుట్టుకొక పల్స్ తీసుకుని, సిగ్నల్‌ని కాలం లెక్కన కాక కోణం లెక్కన మళ్లీ శాంపిల్ చేయాలి. తర్వాత చుట్టు చుట్టుకీ సగటు తీస్తే రోటర్‌తో, గేర్లతో లాక్ అయినదంతా ఆ సగటులో మిగులుతుంది. దాన్ని అసలు సిగ్నల్ నుంచి తీసేయాలి. గోళీలు కాస్త జారుతూ తిరుగుతాయి, లెక్క కన్నా ఒకటి రెండు శాతం తేడా వస్తుంది. అందుకే బేరింగు దెబ్బలు సగటులో చేరవు, తీసివేత తర్వాత మిగిలినదాంట్లో ఉంటాయి. ఆ జారుడే ఇక్కడ మనకు కలిసొస్తుంది.

0.1 హెర్ట్జ్ స్పష్టత కావాలంటే రికార్డింగు కనీసం 10 సెకన్లు. అలాంటివి ఆరేడు సగటు తీయాలంటే నిమిషం పైన ఒకే వేగంతో, ఒకే టార్క్‌తో నడవాలి. హెలికాప్టర్లలో ఫలానా స్థితిలో ఉన్నప్పుడే రీడింగు తీసుకోవాలని నిర్ణయించేది ఇందుకే.

మిర్చియార్డు కంప్రెసర్ · మంగళవారం సాయంత్రం 5:10

కోల్డ్ స్టోరేజీల్లో మేం పెన్ను లాంటి మీటరు బేరింగు మీద ఆనించి ఒక్క అంకె చూస్తాం. అది పెరిగితే గ్రీజు, ఇంకా పెరిగితే మార్చేయడం. ఇంత లెక్క అవసరమా సార్?

ఇబ్రహీంపట్నం టర్బైన్ · మంగళవారం సాయంత్రం 5:48

అమ్మోనియా కంప్రెసర్ మోటారుకి ఆ అంకె చాలన్నా, ఎవరూ కాదనరు. చుట్టూ పెద్ద గోల లేదు, బేరింగు మీ చేతికి అందుతుంది, ఆగిపోతే స్టాండ్‌బై ఉంది. గేర్‌బాక్సులో ఆ మొత్తం అంకెని గేర్లే నింపేస్తాయి. బేరింగు పాడై దాని అదురు పదింతలైనా మొత్తంలో తేడా కనిపించదు.

చేత్తో ఆనించే పెన్ను గురించి ఇంకో మాట. చేత్తో నొక్కిపెడితే వెయ్యి హెర్ట్జ్ దాటాక దాన్ని నమ్మలేం. మాగ్నెట్ బేస్ అయితే రెండు వేలదాకా నిశ్చింత, ఆ పైన మాగ్నెట్ సొంత రెజొనెన్స్ (అది తనంతట తాను మోగే ఫ్రీక్వెన్సీ) కలుస్తుంది. స్టడ్ బిగిస్తే పది వేల దాకా పోవచ్చు. మాగ్నెట్ రెజొనెన్స్ దగ్గర బేరింగు దెబ్బలు ఒక్కోసారి ఇంకా బాగా కనిపిస్తాయి, అది నిజమే. కానీ రేపు మాగ్నెట్‌ని పావు అంగుళం పక్కన పెడితే అంకె మారిపోతుంది, ఇక నెలనెలా పోల్చడం ఎలా? ఒక్కసారి చూడ్డానికి మాగ్నెట్, ట్రెండ్ గీయడానికి స్టడ్.

పటమట ఫైనలియర్ · మంగళవారం రాత్రి 9:05

ప్లానెట్ బేరింగుల గురించి విడిగా రాస్తానన్నారు రన్‌వే సార్...

గన్నవరం రన్‌వే · బుధవారం ఉదయం 6:20

రాస్తాను. బ్లాక్ హాక్ మెయిన్ గేర్‌బాక్సు చివరి దశ తీసుకుందాం. మధ్యలో సన్ గేరుకి 62 పళ్లు, చుట్టూ అయిదు ప్లానెట్లకి ఒక్కోదానికి 83, బయట కదలని రింగుకి 228. ప్లానెట్లను మోసే చట్రం, అంటే క్యారియర్ తిరిగే వేగమే రోటర్ వేగం, 258 ఆర్‌పీఎం, అంటే 4.3 హెర్ట్జ్. పళ్లు కలిసే ఫ్రీక్వెన్సీ 228 ఇంటూ 4.3, అంటే 980 హెర్ట్జ్.

విద్యార్థులు సాధారణంగా తప్పేది ఇక్కడే. బేరింగు సూత్రంలో వేసే వేగం 4.3 కాదు. ప్లానెట్ తన పిన్ను చుట్టూ క్యారియర్‌తో పోలిస్తే ఎంత వేగంతో తిరుగుతోందో అది వేయాలి. 228 బై 83 ఇంటూ 4.3, అంటే 11.8 హెర్ట్జ్. పైగా ఇక్కడ తిరిగేది ఔటర్ రేస్, పిన్ను మీది ఇన్నర్ రేస్ క్యారియర్‌తోపాటు పోతుంది. మోటారులో లోడు ఔటర్ రేసు మీద ఒకే చోట పడుతుంది. ఇక్కడ లోడు పడే చోటు క్యారియర్‌తో కదులుతుంది, అంటే ఇన్నర్ మీద ఎప్పుడూ అదే చోట. అందుకే మోడ్యులేషన్ (దెబ్బ బలం పెరిగి తగ్గే తీరు) తలకిందులవుతుంది. ఇన్నర్ మీద లోపం ఉంటే దెబ్బ బలం ఒకేలా ఉంటుంది. ఔటర్ మీద ఉంటే ఆ గుంట లోడు కిందికి వచ్చినప్పుడల్లా బలంగా, తప్పుకున్నప్పుడు మెల్లగా తగులుతుంది. కాబట్టి పక్క గీతలు 11.8 దూరంలో ఔటర్ చుట్టూ వస్తాయి. పుస్తకంలో "ఇన్నర్ అయితే పక్క గీతలు" అని రాసింది చూసి ఇక్కడ తీర్పు చెబితే తలకిందులు తీర్పే.

దానికి తోడు సెన్సర్ కేసింగు మీద ఉంటుంది, ప్లానెట్ దాని దగ్గరికి వచ్చి పోతుంటుంది. అయిదు ప్లానెట్లు కాబట్టి సెకనుకు 21.5 సార్లు ఏదో ఒక ప్లానెట్ సెన్సర్ కింద నుంచి పోతుంది. లోపం ఉన్నది మాత్రం చుట్టుకొక్కసారే దగ్గరికి వస్తుంది. ఆ దెబ్బ రోలర్ నుంచి ప్లానెట్‌కి, అక్కడినుంచి పళ్ల మీదుగా రింగుకి, కేసింగుకి ఎక్కేసరికి నీరసించిపోతుంది.

ఇది ఊరికే పుస్తకాల మాట కాదు. 2009 ఏప్రిల్ 1న స్కాట్లండ్ తీరంలో సూపర్ ప్యూమా కూలి 16 మంది పోయారు. రెండో దశ ప్లానెట్ గేరు పగిలింది. అంతకు వారం ముందే, మార్చి 25న, మాగ్నెటిక్ చిప్ డిటెక్టర్ మీద ఒక లోహపు ముక్క దొరికింది. 2016 ఏప్రిల్ 29న నార్వేలో టూరోయ్ దగ్గర ఈసీ225 రోటర్ గాల్లోనే ఊడిపోయి 13 మంది పోయారు. మళ్లీ రెండో దశ ప్లానెట్ గేరే. ఆ డిజైన్లో బేరింగు ఔటర్ రేస్, గేరు ఒకే లోహపు ముక్క. రేసు పైపొర దగ్గర చిన్న పగులు మొదలై గేరు మందంలోకి పోయింది. పెద్దగా చిప్పులు రాలలేదు, వైబ్రేషన్ మానిటరింగు ఏమీ చెప్పలేదు. ఈ ప్రాజెక్టు రిపోర్టులో ఒక్క పేజీ అయినా దీనికి కేటాయించండి. వైబ్రేషన్‌కి చిక్కనిది ఏమిటో రాయకపోతే ఆ రిపోర్టు సగమే.

ఆటోనగర్ లేతు · బుధవారం ఉదయం 10:40

పిల్లలకి రిగ్ సంగతి ఎవరూ చెప్పడం లేదు కాబట్టి నేను చెబుతున్నా.

1 హెచ్‌పీ మూడు ఫేజుల మోటారు, 1440 ఆర్‌పీఎంది. వీఎఫ్‌డీ, అంటే మోటారు వేగం మార్చే డ్రైవు. మోటారుని షాఫ్టుకి కలపడానికి లవ్‌జాయ్ కప్లింగు. 25 మి.మీ షాఫ్టు, ఈఎన్-8 ఉక్కు చాలు, బేరింగు కూర్చునే చోట గ్రైండింగు చేయించుకోండి. రెండు ప్లమర్ బ్లాకులు (బేరింగు ఉన్న దిమ్మెలు) ఆధారానికి. వాటి మధ్య టెస్టు బేరింగు వేరే హౌసింగులో, దాన్ని కింద నుంచి బోల్టుతో గానీ చిన్న బాటిల్ జాకీతో గానీ నొక్కాలి, మధ్యలో లోడ్ సెల్. లోడు 100 నుంచి 150 కిలోలు చాలు. లోడు లేకుండా తిప్పితే గోళీలు దొర్లవు, జారతాయి, సిగ్నల్ చెత్తగా వస్తుంది. బేస్ ప్లేటు 20 మి.మీ మందానికి తగ్గించొద్దు. పల్చటి రేకు మీద కడితే బేరింగు బదులు ఆ రేకునే కొలుస్తారు.

లోపం పెట్టడం అసలు పని. 6205 మామూలు ఇనుప కేజుకి రివెట్లు ఉంటాయి. డ్రిల్ చేసి తీస్తే మళ్లీ బిగించడం రాదు. నైలాన్ కేజుది, టీఎన్9 అని ఉంటుంది, అది అడిగి కొనండి. కేజు పక్కకి లాగితే ఊడొస్తుంది, గోళీలన్నీ ఒక పక్కకి నెడితే ఇన్నర్ బయటికొస్తుంది, తర్వాత అలాగే తిరిగి పెట్టొచ్చు. లేదంటే రోలర్ బేరింగు తీసుకోండి. ఎన్‌యూ205కి ఇన్నర్ నేరుగా ఊడొస్తుంది, ఎన్205కి ఔటర్ ఊడొస్తుంది. ఏ లోపం కావాలో దాన్నిబట్టి కొనుక్కోండి. కొలతలు మారతాయి కాబట్టి రోలర్లు లెక్కపెట్టి లెక్క కొత్తగా వేసుకోవాలి.

రేసు గట్టిదనం రాక్‌వెల్ కొలతలో 60 హెచ్‌ఆర్‌సీ చుట్టూ ఉంటుంది. హాక్సా బ్లేడు పళ్లు పోతాయి తప్ప గీత పడదు. కటింగు వీలుతో కోస్తే ఆ చోటు నీలంగా కాలి మెత్తబడుతుంది, అంచు లేస్తుంది. మీరు కొలిచేది అప్పుడు ఆ లేచిన అంచునే. స్పార్క్ ఈడీఎం (కరెంటు నిప్పురవ్వలతో లోహాన్ని తొలవడం) చేసే షాపులో 0.3 మి.మీ వెడల్పు గీత పెట్టించుకోండి. తర్వాత ఆయిల్ స్టోన్‌తో అంచు మెల్లగా సాపు చేసి, కిరసనాయిల్‌తో కడిగి, ఆరాక గ్రీజు పెట్టండి. గ్రీజు ఖాళీలో మూడో వంతు చాలు. నిండా కూరితే వేడెక్కుతుంది. ఔటర్ గీత లోడు పడే వైపే ఉండేలా కూర్చోబెట్టండి. పైకి ఉంటే గీత మీద బరువు పడదు, నెల రోజులు వెతికినా ఏమీ కనిపించదు.

మిర్చియార్డు కంప్రెసర్ · బుధవారం ఉదయం 11:02

లేతు అన్న చెప్పినదానికి ఒకటి కలుపుతా. కొత్త బేరింగుని సుత్తితో గోళీల మీదుగా కొట్టి ఎక్కించకండి. ఇన్నర్ రింగు మీద గొట్టం పెట్టి నొక్కాలి. లేకపోతే మీరు పెట్టని లోపం కూడా డేటాలో వస్తుంది.

బ్రాడీపేట సిగ్నల్ · బుధవారం రాత్రి 8:15

ఇక రికార్డింగు. సెన్సర్ 100 మిల్లీవోల్టులు పర్ జీ రకం చాలు. కేబుల్ పెట్టగానే బయాస్ వోల్టేజీ చూడండి, 8 నుంచి 14 వోల్టుల మధ్య ఉండాలి. సున్నా అంటే కేబుల్ షార్టు, సప్లై వోల్టేజీ అంతా కనిపిస్తే ఎక్కడో తెగింది. కేబుల్‌ని సెన్సర్ దగ్గరే టేపుతో అంటించండి, వేలాడితే అది కొట్టుకునే చప్పుడు కూడా రికార్డవుతుంది.

సెకనుకు 25,600 శాంపిళ్లు, పది సెకన్లు. ముందు సుత్తితో హౌసింగు మీద చిన్న దెబ్బ వేసి దేనికి మోగుతుందో చూడండి, లేకపోతే కర్టోగ్రామ్ (ఏ బ్యాండ్‌లో దెబ్బలు స్పష్టంగా ఉన్నాయో చూపే పటం) వేయండి. ఆ చోటు చుట్టూ బ్యాండ్ ఎంచుకోవాలి. వెడల్పు ఇన్నర్ రేస్ ఫ్రీక్వెన్సీకి నాలుగింతలైనా ఉండాలి, మీకు దాదాపు 520 హెర్ట్జ్‌కి తగ్గకూడదు. ఆ బ్యాండ్ మాత్రం ఉంచి, హిల్బర్ట్ ట్రాన్స్‌ఫార్మ్ తీసి, దాని పరిమాణం (దీన్నే ఎన్వలప్ అంటారు) తీసుకుని, సగటుని తీసేయండి. సగటు తీయడం మరిచిపోతే సున్నా దగ్గర పెద్ద స్తంభం లేచి మిగతావన్నీ చీమల్లా కనిపిస్తాయి. దానికి ఎఫ్ఎఫ్‌టీ (ఫ్రీక్వెన్సీలుగా విడగొట్టే లెక్క) వేసి 0 నుంచి 500 దాకా చూడండి.

కర్టోసిస్ (సిగ్నల్లో దెబ్బలు ఎంత పదునుగా ఉన్నాయో చెప్పేది) అంకెని ఒక్కదాన్నే నమ్ముకోకండి. మంచి బేరింగుకి 3 చుట్టూ ఉంటుంది, చిన్న గుంట పడగానే లేస్తుంది. గుంటలు రేసంతా పాకాక మళ్లీ 3 వైపు దిగుతుంది. దిగింది కదా బాగుపడింది అనుకుంటే అయిపోయినట్టే. ఆర్‌ఎంఎస్‌ని (మొత్తం అదురు స్థాయిని) పక్కన పెట్టుకుని రెండూ చూడాలి.

ట్రెండ్ ఎలా లేస్తుందో చూడాలంటే సిన్సినాటి యూనివర్సిటీ ఐఎంఎస్ డేటా తీసుకోండి. ఒకే షాఫ్టు మీద నాలుగు బేరింగులు, 2000 ఆర్‌పీఎం, పాడయ్యేదాకా నడిపారు. ఒక్కో ఫైలు ఒక సెకను, 20,480 శాంపిళ్లు. గీత కోసి పెట్టిన లోపం కాదు, తనంతట తాను పుట్టిన లోపం. ఆయిల్ మార్గంలో అయస్కాంతపు ప్లగ్ మీద రజను పేరుకున్నాక రిగ్ ఆపేలా పెట్టారు. రన్‌వే గారు చెప్పిన చిప్ డిటెక్టర్ పనే అది.

ఇబ్రహీంపట్నం టర్బైన్ · గురువారం ఉదయం 7:10

రన్‌వే గారూ, మెరుపు పడ్డ హెలికాప్టర్ల సంగతి కూడా చెప్పాలి మీరు. వీఎఫ్‌డీ మోటార్లలో షాఫ్టు కరెంటు బేరింగు గుండా పోయి రేసు మీద బట్టలుతికే బల్లలాగా గాట్లు పడతాయి. అక్కడా అలాంటిదే కదా?

గన్నవరం రన్‌వే · గురువారం ఉదయం 7:55

మూలం ఒకటే, ఆనవాలు వేరు. మోటారులో కరెంటు రోజూ కొద్దికొద్దిగా పోతుంది, గాట్లు వరుసగా పడతాయి. మెరుపు ఒక్కసారే పోతుంది, ఆర్క్ తగిలినచోట చిన్న కాలిన గుంటలు మిగులుతాయి. బ్లేడు మీద పడి హబ్ గుండా, గేర్‌బాక్సు గుండా దిగిందంటే దారిలో ఉన్న బేరింగులన్నీ అనుమానితులే. మాన్యువల్‌లో మెరుపు తర్వాత చేయాల్సిన తనిఖీ విడిగా ఉంటుంది. భాగాలకు అయస్కాంతం పట్టిందేమో కూడా చూస్తారు. పట్టి ఉంటే ఆయిల్లోని ఇనుప రజను చిప్ డిటెక్టర్ దాకా రాకుండా అక్కడే అతుక్కుని కూర్చుంటుంది.

నిర్వాహకుడు · గురువారం ఉదయం 9:00

ఒక్క మాట. ఇక్కడ చెప్పినవి ల్యాబు రిగ్‌కి, చదువుకి. నిజం హెలికాప్టరు మీద సెన్సర్ అంటించాలన్నా, అంకె చూసి బేరింగు ఉంచాలా తీయాలా అన్నది చెప్పాలన్నా లైసెన్సున్న ఇంజినీరు, ఆ మోడల్ మాన్యువల్, డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ) అనుమతి ఉన్న సంస్థ ఉండాలి. చర్చ కొనసాగించండి.

పటమట ఫైనలియర్ · పది రోజుల తర్వాత, ఆదివారం సాయంత్రం 6:30

రిగ్ కట్టామండి. లేతు అన్న చెప్పిన నైలాన్ కేజు 6205, ఔటర్ మీద 0.3 మి.మీ గీత, కిందివైపు, 120 కిలోల లోడు. మోటారు 1440 కదా, అంటే 24 హెర్ట్జ్, ఔటర్ 86.0 దగ్గర రావాలి. ఎన్వలప్‌లో 87.4, 174.8, 262.2 దగ్గర గీతలు వచ్చాయి. 86 దగ్గర ఏమీ లేదు. 87.4కి రెండు పక్కలా 24.5 దూరంలో చిన్న గీతలున్నాయి. 100 దగ్గర ఒకటి గట్టిగా ఉంది. బ్యాండ్ 2 నుంచి 5 కిలోహెర్ట్జ్ పెట్టాం. లెక్క తప్పిందా?

బ్రాడీపేట సిగ్నల్ · ఆదివారం సాయంత్రం 7:05

లెక్క తప్పలేదు, వేగం తప్పింది. 1440 అనేది నేమ్‌ప్లేటు మీద ఫుల్ లోడు వేగం. మీ లోడుకి మోటారు అంతకన్నా వేగంగా తిరుగుతుంది. పక్క గీతల దూరమే చెబుతోంది, 24.5. టాకో పెట్టి చూడండి, 1468 చుట్టూ ఉంటుంది. 24.47 ఇంటూ 3.585 అంటే 87.7. మీకు వచ్చింది 87.4. ఆ 0.3 తేడా గోళీల జారుడు. చక్కగా వచ్చింది.

ఇబ్రహీంపట్నం టర్బైన్ · ఆదివారం సాయంత్రం 7:30

ఔటర్ కదలదు, లోడు కదలదు. అలాంటప్పుడు షాఫ్టు వేగంతో పక్క గీతలు రాకూడదు. వచ్చాయంటే చుట్టుకొకసారి లోడు మారుతోంది. లవ్‌జాయ్ దగ్గర అలైన్‌మెంటు చూడండి. డయల్ గేజి పెట్టి షాఫ్టు చేత్తో తిప్పుతూ నాలుగు చోట్ల రీడింగు తీయండి. మోటారు కాళ్ల కింద షిమ్ములు వేసి సరిచేశాక ఆ పక్క గీతలు తగ్గాలి.

100 దగ్గరిది కరెంటుది, సప్లై ఫ్రీక్వెన్సీకి రెట్టింపు. ఒప్పుకోకపోతే రికార్డింగు నడుస్తుండగా స్విచ్ ఆపండి. కరెంటుది ఆ క్షణంలో మాయమవుతుంది, బేరింగుది షాఫ్టుతోపాటు మెల్లగా కిందికి జారుతుంది. వీఎఫ్‌డీ స్పీడు తగ్గించి చూస్తే తేలదు, రెండూ కలిసే కదులుతాయి. ఇంకోటి, వీఎఫ్‌డీ క్యారియర్ ఫ్రీక్వెన్సీ (డ్రైవు లోపల స్విచింగు జరిగే వేగం) సెట్టింగు ఎంతుందో చూశారా? 4 కిలోహెర్ట్జ్ అయితే మీ బ్యాండ్ లోపలే ఉంది.

పటమట ఫైనలియర్ · సోమవారం రాత్రి 9:50

చూశామండి, 4 కిలోహెర్ట్జే. 8కి మార్చి, బ్యాండ్ 2 నుంచి 3.5కి కుదించాం. 100 గీత దాదాపు పోయింది. టాకోలో 1467. కప్లింగు దగ్గర 0.4 మి.మీ పక్కకి ఉంది, షిమ్ములు వేసి, పక్కకి జరిపి 0.05కి తెచ్చాం. పక్క గీతలు ఇప్పుడు వెతికితేగానీ కనపడటం లేదు. స్వాష్‌ప్లేట్ వేగం కోసం ఇదే రిగ్‌ని 300 ఆర్‌పీఎం దగ్గర నడపొచ్చా?

బ్రాడీపేట సిగ్నల్ · సోమవారం రాత్రి 10:10

నడపండి. ఔటర్ 17.9 హెర్ట్జ్ దగ్గర చూడాలి. దెబ్బలు చాలా మెత్తగా ఉంటాయి, కాబట్టి పది సెకన్లు కాదు, అరవై సెకన్లు తీయండి. స్పెక్ట్రమ్‌లో ఆ గీత కనిపించకపోతే లోపం లేదని రాయకండి, ఎంత వేగం దాకా కనిపించింది, ఎక్కడ మాయమైంది అని 1440 నుంచి వందేసి తగ్గిస్తూ పట్టిక వేయండి.

ఆటోనగర్ లేతు · సోమవారం రాత్రి 10:25

300 దగ్గర ఎక్కువసేపు నడిపితే మోటారు సొంత ఫ్యాన్ గాలి చాలదు బాబూ. పక్కన ఒక టేబుల్ ఫ్యాన్ పెట్టుకోండి, రిగ్ బల్ల మీద కాకుండా వేరే స్టూలు మీద. లేకపోతే దాని అదురు కూడా మీ పట్టికలోకి వస్తుంది.